సాదా మాటలు – వాటి లోపలి అర్థాలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. "ఇంజనీరువి కదన్నా, కృత్రిమ మేధ మీద ఏమన్న చెప్పు" అన్నారు. అది చెప్పడానికి మన తెల్లాపూర్ నుంచి మాదాపూర్ దాకా ప్రతి అంతస్తులోనూ మనుషులున్నారు. నేను ఈ బడిలో తెలుగు మీడియంలో చదివినవాణ్ణి. ఇక్కడ మాట్లాడే అవకాశం వస్తే తెలుగు మాటల గురించే మాట్లాడాలని ఎప్పటి నుంచో ఉంది. అందుకని ఒక చిన్న విషయం ఎంచుకున్నాను.

మా సాఫ్ట్‌వేర్ పనిలో రోజుకు పదిసార్లు వినిపించే మాట "సింపుల్". తెర సింపుల్‌గా ఉండాలి, కోడ్ సింపుల్‌గా ఉండాలి, ఫారం సింపుల్‌గా ఉండాలి. మా దగ్గర కొత్తగా చేరిన ఒక కుర్రవాడు ఒకరోజు భోజనం దగ్గర అడిగాడు: "సార్, సింపుల్‌ని తెలుగులో ఏమంటారు?" చెబుదామని చూస్తే ఒక మాటకు బదులు పది మాటలు వచ్చాయి. పదింటిలో ఏ ఒక్కటీ ఇంకోదాని చోట కూర్చోదు. ఎందుకు కూర్చోదో చూస్తూ పోతే, ఈ మాటలు మనకు చాలా సంగతులు చెబుతాయి.

మన పాఠ్యపుస్తకాలతోనే మొదలుపెడదాం. లెక్కల్లో నిటారుగా పోయే గీత సరళరేఖ. జీవశాస్త్రంలో ఒకే పత్రదళం ఉన్న ఆకు సరళపత్రం. భౌతికశాస్త్రంలో దారానికి వేలాడే గుండు లఘులోలకం. తెలుగు వ్యాకరణంలో ఒకే సమాపక క్రియ ఉన్న వాక్యం సామాన్యవాక్యం. బీజగణితంలో పెద్ద సమాసాన్ని చిన్నది చేయమంటే "సూక్ష్మీకరించుము" అని ఉండేది. వడ్డీ లెక్కల్లో బారువడ్డీ. వీటిలో సరళరేఖ ఒక్కటి వదిలేస్తే, మిగతా అన్నిటికీ ఇంగ్లీషు పుస్తకంలో ఉండేది సింపుల్ అనే ఒక్క మాటే. మన పుస్తకాలు రాసిన పెద్దలు ఒక్కోచోట ఆగి, ఇక్కడ ఏది తక్కువైందని ఇది సింపుల్ అయింది అని ఆలోచించినట్టున్నారు. వంకర లేకపోతే సరళం. బరువు లేకపోతే లఘువు. ప్రత్యేకత లేకుండా అందరికీ సమానంగా చెందితే సామాన్యం. విస్తరించింది ముడుచుకుని సన్నబడితే సూక్ష్మం.

వీటిలో నాకు అన్నిటికంటే నచ్చింది బారువడ్డీ. బారు అంటే వరుస, పొడుగు. చీమలు బారు తీరాయంటాం. చక్రవడ్డీ తన చుట్టూ తానే తిరిగి పెరుగుతుంది, బారువడ్డీ ఒకే వరుసలో పోతుంది. గ్రాఫు గీస్తే వచ్చేది సరళరేఖే. ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. పదివేలు తీసుకుంటే, మధ్యలో ఏమీ కట్టకపోయినా, పదేళ్ళకు బారువడ్డీతో కలిపి 34,000 అవుతుంది. అదే ఏటేటా చక్రం తిప్పితే 85,944. మొదటి లెక్క చదువురాని మనిషి కూడా వేళ్ళ మీద కట్టగలడు. నెలకు రెండు వందలు, ఏడాదికి రెండు వేల నాలుగు వందలు. రెండో లెక్కకు కాగితం కావాలి, లేదా అప్పిచ్చినవాడి మాట నమ్మాలి. బారువడ్డీ గొప్పతనం ఎక్కడుందో చూడండి. అప్పు తీసుకున్నవాడు కూడా దాన్ని సరిచూసుకోగలడు. ఈ "సరిచూసుకోగలగడం" అన్నదాన్ని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇప్పుడు పెద్ద మాట ఒకటి: నిరాడంబరం. పెద్దమనుషుల గురించి చెప్పేటప్పుడు తప్పకుండా వాడతాం. నిర్ + ఆడంబరం. ఆడంబరం అంటే ఆర్భాటం, డాబు అని మనకు తెలుసు. సంస్కృత నిఘంటువు తెరిస్తే ఆడంబరానికి ఇంకో పాత అర్థం కనిపిస్తుంది: అది ఒక రకం వాద్యం, డప్పు లాంటిది. ఆ తర్వాత డప్పు మోత, ఆ తర్వాత ఆర్భాటం. అంటే నిరాడంబరుడు అంటే డప్పు లేనివాడు. మన ఊళ్ళో గొప్పలు చెప్పుకునేవాణ్ణి "సొంత డప్పు కొట్టుకుంటున్నడు" అంటాం. ఎక్కడి సంస్కృతం, ఎక్కడి మన వాడుక! రెండూ ఒకే బొమ్మ దగ్గరికి వచ్చి చేరాయి.

అయితే ఈ మాటలో ఒక తిరకాసు ఉంది. కోట్లున్నవాడు రబ్బరు చెప్పులేసుకుని వస్తే "ఎంత నిరాడంబరుడు" అంటాం. అవే చెప్పులతో మేస్త్రీ పనికి పోయే మనిషి వస్తే ఆ మాట అనం. ఆయన్ని "సాదాసీదా మనిషి" అంటాం. డప్పు ఉండి పక్కన పెట్టినవాడికే నిరాడంబరత అనే బిరుదు ఇస్తున్నాం. అసలు డప్పే లేనివాడికి ఆ గౌరవం లేదు. ఈ సభలో పెద్ద ఉద్యోగాలు చేసి వచ్చినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఊళ్ళోనే ఉండి వ్యవసాయం, కిరాణం, డ్రైవింగ్ చేసుకుంటూ పిల్లల్ని చదివించుకున్నవాళ్ళూ ఉన్నారు. మాటలు వాడేటప్పుడు ఈ తేడా మన నోటి నుంచి రాకుండా చూసుకోవాలని నా మనవి.

మాటలకు కూడా కులుకు, చులకన ఉంటాయి. మామూలు అన్న మాట చూడండి. అరబ్బీ నుంచి పారసీ, ఉర్దూల మీదుగా మనకు వచ్చింది. అసలు అర్థం ఆనవాయితీగా జరిగేది, అలవాటైనది. ఆనవాయితీగా ఇచ్చేది కూడా మామూలే కనుక, క్రమంగా "మామూళ్ళు" అంటే లంచాలు అయిపోయాయి. ఇంకోవైపు "వాడు మామూలోడు కాదు" అనడం మెచ్చుకోలు అయింది. అంటే మామూలుగా ఉండడం ఏదో లోటు అన్నట్టు. తేలిక కూడా అంతే. తేలేది తేలిక. లెక్క తేలికైతే సంతోషం, మనిషిని తేలిక చేస్తే అవమానం.

ఈ జాబితాలో నన్ను అన్నిటికంటే బాధపెట్టిన మాట "అమాయకుడు". మాయ లేనివాడు అమాయకుడు. మాయ అంటే ఇక్కడ కపటం, మోసం. తనలో మోసం లేని మనిషి అని అర్థం. ఇవాళ మనం ఆ మాట ఎలా వాడుతున్నాం? ఎవరు చెప్పినా నమ్మేవాడు, సులభంగా మోసపోయేవాడు అని. మోసం చేయనివాడి పేరును తీసుకెళ్ళి మోసపోయేవాడికి పెట్టేశాం. తప్పు ఎవరిదో కూడా మాటలోనే మార్చేశాం. మోసం జరిగితే "పాపం, అమాయకుడు" అంటాం. లోపం ఆయన దగ్గరే ఉందన్నట్టు.

ఇది ఉత్త మాటల సంగతి కాదని మన ప్రాంతంలో అందరికీ తెలుసు. ఇక్కడ "సాదా" అనే మాట దగ్గరికి వస్తాను. సాదా పారసీ మాట. అలంకారం లేనిది, ఏమీ కలపనిది. సాదా దోశ, సాదా చీర. దానికి తోడు వచ్చిన సీదా అంటే తిన్ననిది, నేరుగా పోయేది. తెలంగాణలో ఈ సాదాతో ఇంకో మాట ఉంది, ఈ హాల్లో కొన్ని గుండెలు గట్టిగా కొట్టుకునే మాట: సాదాబైనామా. బై అంటే అమ్మకం, నామా అంటే పత్రం. తెల్లకాగితం మీద రాసుకున్న భూమి అమ్మకపు పత్రం.

కుర్రవాళ్ళ కోసం ఎలా జరిగేదో చెబుతాను. ఎకరమో, ఇరవై గుంటలో అమ్ముకోవాల్సిన అవసరం ఒకరికి వచ్చేది. కొనేవాడు పక్క చేనువాడో, బామ్మర్దో. నలుగురు పెద్దమనుషులు కూర్చునేవాళ్ళు. రాయడం వచ్చినవాడు నాలుగు దిక్కుల హద్దులు, ఇచ్చిన పైకం రాసేవాడు. అమ్మినవాడు వేలిముద్ర వేసేవాడు, సాక్షులు సంతకాలు చేసేవాళ్ళు. మర్నాటి నుంచి కొన్నవాడు దున్నుకునేవాడు. రిజిస్ట్రేషన్ చట్టం 1908 నుంచే ఉంది. వంద రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి అమ్మితే రిజిస్టర్ చేయించాలని అది చెబుతుంది. కానీ రిజిస్ట్రీ ఆఫీసు దూరం, ఖర్చు, భాష తెలియదు. అన్నిటికంటే ముఖ్యంగా, అవసరం అనిపించలేదు. ఊరంతా చూసింది కదా. హద్దు రాయి ఎక్కడుందో పిల్లలకు కూడా తెలుసు. అప్పటి ఊరికి ఆ కాగితం బారువడ్డీ లాంటిది. ఎవరైనా సరిచూసుకోవచ్చు.

తర్వాత ఏమైందో మీకు తెలుసు. 1998లో హైటెక్ సిటీ వచ్చింది. బయటి వలయ రహదారి మన పక్కన కొల్లూరు మీదుగా పోయింది. ఎకరంలో కొలిచే భూమిని గజాల్లో కొలవడం మొదలుపెట్టాం. కొనేవాడు పక్క చేనువాడు కాకుండా ఎక్కడివాడో అయ్యాడు. ఆ కొత్త మనిషికి హద్దు రాయి తెలియదు, సాక్షి సంతకం పెట్టిన తాత తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. ఆయన చూసేది రికార్డు. రికార్డులో ఇంకా పాత యజమాని పేరే ఉంది. పాత యజమాని పోయాడు, మనవలు వచ్చారు. కొందరు తాత మాట నిలబెట్టారు, సంతకాలు చేసి ఇచ్చారు. కొందరు రికార్డును చూసి ఇంకోసారి అమ్మారు.

నాతో చదివిన ఒక స్నేహితుడి నాన్న, ఊరు పేరు చెప్పను, రేకు పెట్టెలోంచి నాలుగు మడతల కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. మడతల దగ్గర చిరిగింది. అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి. నేను చదివి వినిపించాను. "రాసినాయన అబద్ధం రాయలేదు బిడ్డా" అన్నాడు. నిజమే, ఆ కాగితంలో ఒక్క అబద్ధం లేదు. కోర్టులో ఎవరూ అది అబద్ధమని కూడా అనలేదు. రిజిస్టర్ కాలేదన్నారు, అంతే. ఆయన కేసు ఇంకా నడుస్తోంది.

ఇది ఒక్కరి కథ అయితే సభలో చెప్పకపోదును. 2016లో ప్రభుత్వం ఇలాంటి కాగితాల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు తీసుకుంది. 2020లో మళ్ళీ పిలిస్తే తొమ్మిది లక్షలకు పైగా వచ్చాయి. అదే ఏడు వచ్చిన కొత్త చట్టంలో వాటికి చోటు లేకపోవడంతో విషయం హైకోర్టుకెక్కి ఆగింది. చివరికి 2025 భూభారతి చట్టంలో ఆ దరఖాస్తులకు ఒక దారి పెట్టారు. తొమ్మిది లక్షల తెల్లకాగితాలు! ప్రతి దాని వెనకా నలుగురు సాక్షులు ఒక చెట్టు కింద కూర్చున్నారు.

తెలుగులో చెవికి ఒకేలా వినిపించే రెండు మాటలున్నాయి. ఋజువు అంటే వంకర లేనిది, ఋజువర్తన అంటాం. రుజువు అంటే సాక్ష్యం. ఒక ఊళ్ళో అందరూ ఒకరికొకరు తెలిసినంత కాలం మొదటిదే రెండోదిగా పనికొచ్చింది. మనిషి ఋజువుగా ఉంటే అదే రుజువు. ఊరు నగరంలో కలిశాక రెండూ విడిపోయాయి. తిన్నగా బతికినవాడి దగ్గర రుజువు లేదు, రుజువు ఉన్నవాడల్లా తిన్ననివాడు కాదు.

అంటే పాతకాలమే మంచిదని చెబుతున్నానా? లేదు. నేను ఇంజనీరుని. తెలియని మనుషులు లక్షలమంది కలిసి బతకాలంటే రికార్డు కావాలి, రిజిస్ట్రీ కావాలి. నేను చెప్పేది ఒకటే. సాదా అంటే తక్కువ ఉండడమని మనం అనుకుంటున్నాం. చిన్న కాగితం, నాలుగు లైన్లు, రంగుల్లేని తెర. అసలు సంగతి అది కాదు. అవతలి మనిషి తనంతట తాను చూసి, అర్థం చేసుకుని, సరిచూసుకోగలిగితే అది సాదా. అలా చూసుకునే వీలు లేకపోతే ఎంత చిన్నదైనా అది మాయే.

మా పని నుంచే ఉదాహరణ చెబుతాను. 2016లో యూపీఐ వచ్చింది. కూరగాయల బండి దగ్గర మనం నొక్కే ఆ ఒక్క బటన్ వెనక మీ యాప్, దాని వెనక ఒక బ్యాంకు, మధ్యలో జాతీయ చెల్లింపుల సంస్థ, మీ ఖాతా ఉన్న బ్యాంకు, ఆమె ఖాతా ఉన్న బ్యాంకు, ఇన్ని యంత్రాలు కొన్ని క్షణాల్లో మాట్లాడుకుంటాయి. లోపల చాలా చిక్కు. ఆ చిక్కు మనకు పడకుండా చేశారు, అది తేలిక. కానీ దాన్ని సాదా చేసింది ఇంకొకటి. పిన్ కొట్టే ముందు, డబ్బు ఎవరికి పోతుందో ఆ పేరు, ఎంత పోతుందో ఆ మొత్తం తెర మీద కనిపిస్తాయి. మీరు సరిచూసుకోవచ్చు. ఇంకోవైపు ఏ యాప్ తెరిచినా "అంగీకరిస్తున్నాను" అని ఒక బటన్ ఉంటుంది. దాని వెనక ఇరవై పేజీల షరతులు. నొక్కడం ఎంతో తేలిక. ఏమి ఒప్పుకున్నామో మాత్రం తెలియదు. తేలికైనదల్లా సాదా కాదు. మా రంగంలో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ తేడా గుర్తుంచుకోవాలి. పై అధికారి "సింపుల్‌గా చేయండి" అన్నప్పుడు ఒక ప్రశ్న అడగండి: ఎవరికి సింపుల్, చేసే మనకా, వాడే మనిషికా?

చివరగా మన అచ్చ తెలుగు మాట. తెల్ల, తెలుపు, తెలియు, తెల్లవారు, తేట, ఇవన్నీ ఒకే కుదురు మాటలని ద్రావిడ భాషల పండితులు చెబుతారు. తెలుపు రంగూ అదే, ఒకరికి సంగతి తెలుపడమూ అదే. బురద అడుక్కు దిగితే నీళ్ళు తేటపడతాయి. అడుగు దాకా కనిపిస్తుంది. ఇంత మంచి బొమ్మ ఉన్న మాట మనకుంది కనుక, "సింపుల్‌ని తెలుగులో ఏమంటారు" అన్న ఆ కుర్రవాడికి నేనిచ్చిన జవాబు తేట. గిడుగు రామమూర్తి పంతులుగారు బడి పుస్తకాలు జనం మాట్లాడే భాషలో ఉండాలని జీవితమంతా పోరాడింది ఇందుకే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. దండలు వేస్తున్నాం. బ్యాంకు ఫారాలు మాత్రం తేటపడలేదు.

ఊరి పేరులో "తెల్ల" ఉంది కదా అని నేను కథ అల్లను. మన తెల్లాపూర్‌లో దొరికిన, ఫిరోజ్ షా బహమనీ కాలం నాటి శాసనంలో తెలుంగాణపురం అనే పేరుంది. ఆరు వందల ఏళ్ళ నాటి మాట. అందులో ఉన్న సంగతి మాత్రం నాకు ఇష్టం. విశ్వకర్మలు ఒక బావి తవ్వించిన విషయాన్ని అది చెబుతుంది. చేసిన పని ఏమిటో, చేసినవాళ్ళు ఎవరో రాతి మీద రాసి, దారిన పోయే అందరూ చదువుకునేలా నిలబెట్టారు. తెలియని మనుషులకు కూడా సరిచూసుకునే వీలు కల్పించడం అంటే అదే. ఆ పని మన ఊరి గడ్డ మీద కొత్తేమీ కాదు.

కాబట్టి సంఘం ముందు రెండు ప్రతిపాదనలు పెడుతున్నాను.

మొదటిది. నెలకు ఒక ఆదివారం, పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా, మన బడి వరండాలో రెండు బల్లలు వేద్దాం. ఊరివాళ్ళు, ఇక్కడికి పనికి వచ్చినవాళ్ళు, ఎవరైనా సరే, తమకు అర్థంకాని కాగితం తెచ్చుకోవచ్చు. బ్యాంకు నోటీసు, బిల్డరు ఒప్పందం, స్కాలర్‌షిప్ ఫారం, ఇన్సూరెన్సు పత్రం, భూమి కాగితం. మనం సలహా ఇవ్వం, కేసు వాదించం. అందులో ఏముందో తేట తెలుగులో చదివి చెబుతాం. "సంతకం పెట్టే ముందు ఒకసారి చదివించుకోండి" అన్నదొక్కటే మన మాట. మనలో వకీళ్ళున్నారు, రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాళ్ళున్నారు, బ్యాంకు వాళ్ళున్నారు. నెలకు ఇద్దరు చొప్పున వంతులేసుకుంటే ఒక్కొక్కరికి ఏడాదికి ఒక్కసారి కూడా రాదు. మొదటి ఆరు నెలలు నా పేరు రాసుకోండి. తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఇద్దరు ముగ్గురు పక్కన కూర్చుంటే వాళ్ళకు పాఠ్యపుస్తకంలో లేని తెలుగు, పాఠ్యపుస్తకంలో లేని లెక్కలు వస్తాయి.

రెండోది. ఈ స్వర్ణోత్సవానికి మనం చందాలు వసూలు చేశాం. ఎంత వచ్చింది, షామియానాకు ఎంత, భోజనాలకు ఎంత, ఈ సంచికకు ఎంత, ఎంత మిగిలింది, అంతా ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి హెడ్మాస్టరుగారి గది బయట అంటిద్దాం. కోశాధికారి నాకు మంచి మిత్రుడు, నన్ను తిట్టుకోడనే నమ్మకం. ఆయన మీద అనుమానం ఉండి అడగడం లేదు. మన పిల్లలు దారిలో పోతూ దాన్ని కూడి చూసుకోవాలి. మొత్తం సరిపోతే సంతోషిస్తారు. సరిపోకపోతే లోపలికి వచ్చి అడుగుతారు. అలా అడిగే పిల్లలు తయారైతే ఈ బడి మనకు చేసిన మేలులో కొంతైనా తీర్చుకున్నట్టు.

ఇరవై నిమిషాలు దాటినట్టున్నాయి, తెలుగు సారు గడియారం చూస్తున్నారు. బల్లల పనికి పేర్లు ఇచ్చేవాళ్ళ కోసం ఆ తలుపు దగ్గర ఒక నోటుబుక్కు పెట్టాను. భోజనానికి వెళ్ళేటప్పుడు రాసి వెళ్ళండి.